ఒక్క అక్షరం జారితే: బ్రిటన్ ఊరి పేర్లు, నా నానీలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఒక ఆదివారం కాట్స్‌వోల్డ్స్ అనే కొండప్రాంతం చూద్దామని బయల్దేరాం. రోడ్డు పక్కన బోర్డు కనబడింది. అప్పర్ స్లాటర్, లోయర్ స్లాటర్. మా ఆవిడ కారు స్లో చేయించి, “ఏమండీ, ఇదేం ఊరండీ! పై కసాయి, కింద కసాయి అని పేరు పెట్టుకుంటారా ఎవరైనా?” అంది. తీరా దిగి చూస్తే తేనెరంగు రాతి ఇళ్ళు, మోకాలి లోతు ఏరు, అందులో బాతులు. కోడిని కోసిన జాడ కూడా లేదు. ఇంటికొచ్చి ఊరి పేర్ల నిఘంటువు తిరగేశాను. పాత ఇంగ్లీషులో ‘స్లోట్రే’ అంటే బురద నేల. నరకడానికీ ఆ పేరుకీ చుట్టరికం లేదు. ఆ రాత్రే మొదటి నానీ వచ్చింది.

కసాయి ఊరని
జంకుతూ వచ్చాను
కాలికంటింది
ఉత్త బురదే

నానీ సంగతి మీకు తెలిసిందే. ఆచార్య ఎన్. గోపిగారు 1997లో మొదలుపెట్టిన రూపం. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, అంతే. ఇంగ్లీషులో లిమరిక్ అనే ఐదు పాదాల హాస్యపద్యం లాంటిది తెలుగులో రాయొచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. రాసి చూశాను. అంత్యప్రాస కోసం ఊరిని వంకర తిప్పాల్సి వచ్చింది, వదిలేశాను. ఊరి పేరు పుట్టుక చెప్పడానికి నానీ చాలు. ఎందుకంటే చాలాసార్లు అక్కడ జరిగింది ఒక అక్షరం రావడమో పోవడమో, అంతకంటే పెద్ద కథేం కాదు.

హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ‘నాస్టీ’ అని చిన్న పల్లె ఉంది. ఛీ అనిపించే పేరు. అసలు అక్కడున్నది ‘ఆస్ట్ హే’, అంటే తూర్పు దడి. మరి ‘న’ ఎక్కడిది? మనం మాత్రం ఊరి పేరును విడిగా ఎప్పుడంటాం చెప్పండి? ఊళ్ళో ఉన్నాను, ఊరికి పోతున్నాను అంటాం. వాళ్ళూ అంతే. ఆ కాలంలో ఫలానా చోట అనడానికి ‘ఆటెన్’ అనేవారు. ‘ఆటెన్ ఆస్ట్ హే’ అని వందల ఏళ్ళు గబగబా అనీ అనీ, ముందు మాట చివరనున్న ‘న’ వచ్చి ఊరి పేరుకి తగులుకుంది.

తూర్పు దడికి
‘న’ ఒకటి అంటుకుంది
ఊరి పేరే
చెడిపోయింది

నాటింగ్‌హామ్‌ది తలకిందుల వ్యవహారం. పాత పేరు ‘స్నాటింగహామ్’. స్నాట్ అనే మనిషి తాలూకు వాళ్ళ ఊరు. ఈ రోజు ఇంగ్లీషులో ఆ మాటకి చీమిడి అని అర్థం! 1086 నాటి డోమ్స్‌డే లెక్కల పుస్తకంలో కూడా ముందు ‘స’ ఉంది. తర్వాత, ఇంగ్లండ్‌ని గెలుచుకున్న, ఫ్రెంచి మాట్లాడే నార్మన్ల నోట్లో అది నిలవలేదు.

నార్మన్లు వచ్చి
ఒక్క అక్షరం తీసి
ఊరి ముక్కు
తుడిచేశారు

ఆంగ్లెసీ దీవిలో 58 అక్షరాల పేరున్న ఊరు గురించి రాయలేదేం అని అడుగుతారని తెలుసు. ‘లాన్‌వైర్’ అని మొదలై ‘గోగోగోఖ్’ అని ముగిసే ఆ పేరు రాస్తేనే నానీ దాదాపు నిండిపోతుంది, ఇంక నేను చెప్పడానికి చోటేదీ? పైగా 1860లలో టూరిస్టుల కోసం సాగదీసిన పేరది. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేల్స్ కొండల్లోని బెద్‌గెలెర్ట్. ఆ మాటకి ‘గెలెర్ట్ సమాధి’ అని అర్థం. లెవెలిన్ అనే రాజు వేట నుంచి వచ్చేసరికి ఉయ్యాల బోర్లా పడి ఉంది, అతని కుక్క గెలెర్ట్ మూతి నిండా రక్తం. బిడ్డను చంపిందనుకుని కత్తి దించాడు. తర్వాత చూస్తే బిడ్డ క్షేమం, పక్కన చచ్చిన తోడేలు. ఈ కథ మనకి తెలియనిదా? పంచతంత్రంలో బ్రాహ్మణుడి ఇంట్లో పాముని చంపిన ముంగిసే ఇది. దేశాలు దాటి వెళ్ళి అక్కడ వేటకుక్క అయింది. 1800లో స్పెన్సర్ అనే కవి దీన్ని పద్యంగా రాయడంతో దేశమంతా పాకింది. ఆ ఊళ్ళో గోట్ హోటల్ నడిపిన ప్రిచర్డ్ అనే ఆయనే యాత్రికులు వస్తారని సమాధిలా రాళ్ళగుట్ట పేర్పించాడని చెప్తారు. పండితుల మాటేమిటంటే, ఆ పేరు కుక్కది కాదు, కెలెర్ట్ అనే పాతకాలపు సాధువుది అయి ఉండాలి.

ఇదంతా చదువుకునే వెళ్ళాను. పొలం మధ్య చెట్టు, ఇనుప కంచె, లోపల పలకమీద కథ. చదువుతుంటే గొంతు పట్టేసింది. మరి నానీలో ఏం రాయాలి? నిజం రాస్తే సప్పగా ఉంది, అబద్ధం రాయడానికి చెయ్యి రాదు. మూడు వారాలు తిప్పలుపడి ఇదిగో, ఇలా ఒడ్డున పడ్డాను.

కుక్క లేదు
సమాధి లేదు
కళ్ళు తుడుచుకుని
లేచి వచ్చాను

ఇంకొక్కటి చదివి మైకు ఇచ్చేస్తాను. గ్లాస్టర్‌షైర్‌లో ఆడిల్‌స్ట్రాప్ అని ఊరుంది. 1914 జూన్ 24న ఎడ్వర్డ్ థామస్ అనే ఇంగ్లీషు కవి ఎక్కిన ఎక్స్‌ప్రెస్ రైలు అక్కడ ఊరికే ఆగింది. ఎవరూ ఎక్కలేదు, దిగలేదు. ఆయనకి కనబడింది బోర్డు మీద పేరు. దాంతోనే పదహారు పాదాల పద్యం కట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్‌లోని ఆరాస్ దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. స్టేషన్‌ని 1966లో మూసేశారు. ఆ పాత బోర్డుని తెచ్చి ఊళ్ళో బస్ షెల్టర్లో పెట్టారు, కింద బెంచీ మీద ఆ పద్యం చెక్కిన రేకు. వెళ్ళి కూర్చున్నాను. పద్యంలో పేరు పుట్టుక లేదు. అది ‘టాటెల్’ అనే మనిషి పల్లె. ‘ఆట్’ అన్న మాట పక్కన చేరి చేరి మొదటి ‘ట’ అందులో కలిసిపోయింది. నాస్టీకి అంటుకున్నట్టే ఇక్కడ ఊడింది.

‘ట’ ఎన్నడో
దిగిపోయింది
ఆలస్యంగా వచ్చి
రైలు ఆగింది