పెన్సిల్ ముక్కతో కుదిరిన శ్రుతి

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఇంటర్ పరీక్షలు అయిపోగానే మా పక్కింటి కుర్రాడు కొత్త ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కొని నెల కూడా కాలేదు. "అంకుల్, ట్యూనింగ్ అస్సలు నిలవట్లేదు. పికప్‌లు మార్పించెయ్యనా?" అన్నాడు. తీగల కింద ఉండి వాటి ధ్వనిని పట్టే భాగాలవి. నాకు నవ్వాగలేదు. వాడి వయసులో నేను చేసిన పనే అది.

నాది సెకండ్‌హ్యాండ్ గిటార్. పైసా పైసా కూడబెట్టి ఖరీదైన పికప్ తెప్పించుకున్నాను. సోల్డరింగ్ చేతకాక, మా వీధిలో టీవీలు బాగుచేసే ఆయన చేత వేయించాను. ధ్వని నిజంగానే మారింది. కానీ రెండు పాటలు వాయించేసరికి మూడో తీగ ఎప్పటిలాగే శ్రుతి తప్పేది. కొత్త పికప్ పుణ్యమా అని ఆ అపశ్రుతి ఇంకాస్త స్పష్టంగా వినిపించింది, అంతే!

పికప్ అంటే ఏముంది? అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుకంత సన్నటి రాగి తీగ, కొన్ని వేల చుట్లు. పైన స్టీలు తీగ కదిలితే ఆ చుట్టలో కాస్త విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఆంప్ పెద్దది చేస్తుంది. తీగ ఏ శ్రుతిలో ఉంటే అదే వినిపిస్తుంది. శ్రుతి నిలబెట్టడం దాని పని కాదు.

మరి ఎవరి పని? వీణకు బిరడాలున్నట్టే గిటార్ తల మీద ఆరు ట్యూనర్లు ఉంటాయి. తల, మెడ కలిసే చోట ఆరు గాడులున్న చిన్న ముక్క ఉంటుంది. దాన్ని నట్ అంటారు. చవక గిటార్లలో అది మామూలు ప్లాస్టిక్. గాడి బిగుతుగా ఉంటే తీగ అందులో ఇరుక్కుంటుంది. మీరు ట్యూనర్ తిప్పుతారు, తీగ కదలదు, ఇంకాస్త తిప్పేసరికి 'టింక్' మని ఒక్కసారిగా జారుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే దొంగ దొరికినట్టే. మా కుర్రాడి గిటార్‌లోనూ సరిగ్గా అదే చప్పుడు. తీగలు కాస్త వదులుచేసి, వాడి డ్రాయింగ్ పెన్సిల్‌తో గాడుల్లో నల్లగా రుద్దాను. పెన్సిల్‌లోని గ్రాఫైట్ జారుడుగా ఉంటుంది కదా. మళ్లీ బిగిస్తే చప్పుడు లేదు. గాడి మరీ ఇరుకైతే పెన్సిల్‌తో తీరదు, తెలిసినవాళ్ల చేత సన్నటి ఆకురాయితో సరిచేయించాలి.

కొనేటప్పుడు మాత్రం నా సలహా ఒక్కటే: రంగు కాదు, మెడ చూడండి. పికప్, నట్, ట్యూనర్లు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మెడ మెలితిరిగిపోతే ఆ గిటార్ మీద ఎంత ఖర్చుపెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. అరచేతిని మెడ అంచు వెంబడి జార్చండి. ఫ్రెట్ల, అంటే వీణ మెట్లలా మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల, కొసలు గీరుకుంటే వదిలెయ్యండి. తర్వాత ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి మధ్యలో చూడండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందమంత సందు ఉంటే చాలు. ఎక్కువైనా తక్కువైనా కంగారు పడక్కర్లేదు. మెడ లోపలి ఇనుప కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, పావు చుట్టు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. ఒకేసారి పూర్తి చుట్టు మాత్రం తిప్పకండి.

ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటార్ తెచ్చింది, పొట్టిగా స్ట్రాట్ అంటారు. దాని చవక రూపం స్క్వైర్ పేరుతో ఆ కంపెనీయే అమ్ముతుంది. యమహా పసిఫికా కూడా నమ్మదగ్గదే. స్ట్రాట్ ఆకారంలో ఉన్నవాటికి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, కానీ కొలతలు చూసుకోవాలి. కొన్ని చవక మోడళ్ల బాడీ పలచగా ఉంటుంది, స్వరాన్ని వణికించే మీట (ట్రెమొలో) కిందుండే మామూలు దిమ్మ బిగిస్తే వెనకనుంచి పొడుచుకొస్తుంది. ఇంకో మాట, ఉన్న డబ్బంతా గిటార్ మీదే పెట్టెయ్యకండి. ఆంప్, కేబుల్ కూడా కొనాలిగా.

కొన్నాక మొదటి ఖర్చు కొత్త తీగలు, సెటప్. మొదట్లో 9 నుంచి 42 గేజ్ (తీగ మందం) సెట్ వేళ్లకు సుఖంగా ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక గుడ్డతో తుడవండి. సెటప్ అంటే తీగల ఎత్తు సర్దడం, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం సరిగ్గా పలికేలా బ్రిడ్జ్‌ని, అంటే బాడీ మీద తీగలు ఆనే భాగాన్ని, జరపడం. ఇది అయ్యాక చాలామందికి గిటార్ మార్చాలన్న కోరికే పోతుంది.

అప్పటికీ 'గుయ్యి' మనే కరెంటు రొద భరించలేకపోతే పికప్ సంగతి ఆలోచించండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ రొదను ఒంటి చుట్ట పికప్ పట్టేస్తుంది. 1950ల్లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు చుట్టలను ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఆ రొద తగ్గించాడు. అదే హంబకర్.

వాద్యాన్ని మార్చుకోవడం తప్పని నేననను. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ ఏం చేశారు? మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. అందుకని ఒంటి తీగలు పెట్టి, అయిదోది చేర్చి, ఎలక్ట్రిక్ వాద్యంగా వాడుకున్నారు. అమెరికాలో రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ 50 డాలర్ల బాడీకి 80 డాలర్ల మెడ తగిలించి, తన దగ్గరున్న గిబ్సన్ గిటార్ పికప్ పీకి అందులో పెట్టాడు. తమకు ఏ ధ్వని కావాలో ఇద్దరికీ ముందే తెలుసు. మా కుర్రాడికి ఇంకా మూడు కార్డ్‌లే (ఒకేసారి కలిపి మీటే స్వరాలు) వచ్చు, వాడికి అప్పుడే ఆ తొందరెందుకు?

అన్నట్టు, ఏ భాగం మార్చినా పాతది పారెయ్యకండి. అమ్మేటప్పుడు కొత్త పికప్‌కు పెట్టిన డబ్బు తిరిగి రాదు. పాతది మళ్లీ బిగించి, కొత్తదాన్ని ఇంకో గిటార్‌కు వాడుకోవచ్చు. నా మొదటి గిటార్ పాత పికప్ ఇప్పటికీ మా ఇంట్లో బిస్కెట్ డబ్బాలో, సూదులూ దారపు ఉండల మధ్య ఉంది. అయస్కాంతం కదా, కింద పడ్డ సూదులు ఏరడానికి మా ఆవిడ దాన్నే వాడుతుంది.