చెక్క మీద మూడు చిల్లులు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, పొద్దున్నుంచీ ఆ వంటగదిలో నిలబడి ఉగాది పచ్చడి కలిపిన వదినలకి, నాకంటే ముందు పాట పాడి నా పావుగంటలో ఐదు నిమిషాలు తినేసిన చిన్నారికి... సరే, ఇలా ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోతే మిగతా పది నిమిషాలూ ఇక్కడే అయిపోతాయి. కార్యదర్శిగారు నన్ను 'రిటైరయ్యాక కాలక్షేపం' మీద మాట్లాడమన్నారు. క్షమించాలి, దాని మీద మాట్లాడను. బయట పార్కింగులో మీ ఎలక్ట్రిక్ కార్ల మధ్య పొడుగు ముక్కుతో ఒక ముసలి కారు నిలబడి ఉంది చూశారా, దాని గురించి చెప్పాలి. అసలు దాని గురించి కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి.

అది 1934 నాటి ట్రయంఫ్ గ్లోరియా. ఎక్కడో కాదు, ఇంగ్లండులో మనం కూర్చున్న ఈ కోవెంట్రీలోనే తయారైంది. మా పక్కింటి పెద్దాయనది. వాళ్ల నాన్నగారు 1935లో ఆర్.ఎ.సి. ర్యాలీకి, అంటే రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు వాళ్ల ర్యాలీకి, వేసుకెళ్లిన బండి. యుద్ధం తర్వాత షెడ్డులో పడి తుప్పు పట్టిపోతే ఆయనా నేనూ కలిసి ఆరేళ్లు కూర్చుని బాగు చేశాం. లోపల బాడీ చట్రమంతా కర్ర, పైన రేకు. కర్ర పుచ్చిపోతే రేకు బాగున్నా లాభం లేదు. మా ఆవిడ అన్నట్టు మా మోకాళ్ల పరిస్థితీ అదే.

ర్యాలీ అంటే పిల్లలు టీవీలో చూసే బురద, గాల్లోకి ఎగిరే కార్లు అనుకోకండి. ఆ రోజుల్లో మాంటె కార్లో ర్యాలీ అంటే యూరప్‌లో ఎవరికి నచ్చిన ఊరి నుంచి వాళ్లు బయల్దేరి, జనవరి మంచులో, హీటరు లేని కార్లో, నిద్ర లేకుండా రోజుల తరబడి నడుపుకుంటూ మొనాకోలో సముద్రం ఒడ్డునున్న మాంటె కార్లోకి చేరడం. ఎంత దూరపు ఊరి నుంచి వస్తే అన్ని ఎక్కువ మార్కులు. అందుకని డోనాల్డ్ హీలీ అనే కార్న్‌వాల్ మనిషి 1930లో 832 సీసీ బుల్లి ట్రయంఫ్ వేసుకుని ఎస్తోనియాలోని టాలిన్ నుంచి వచ్చాడు. 832 సీసీ! మన మారుతి 800 కంటే కాస్త ఎక్కువ. ఏడో స్థానం కొట్టాడు.

మరుసటి ఏడాది ఇన్విక్టా అనే పెద్ద కారు, నాలుగున్నర లీటర్ల ఇంజను. నార్వేలోని స్టావాంగర్ నుంచి బయల్దేరాడు. దారిలో మంచు మీద జారి బండి టెలిగ్రాఫ్ స్తంభానికి గుద్దుకుంది. వెనక ఇరుసు పక్కకి జరిగింది, వెనక ఒక బ్రేకు పోయింది. మనమైతే ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసి రోడ్డు పక్కన కూర్చుంటాం. ఆయన ఆ వంకర ఇరుసుతోనే మాంటె కార్లో దాకా వచ్చి, ర్యాలీ గెలిచాడు.

ఈ కథ నేను మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, మా అబ్బాయి 'స్తంభం' అనే మాట రాగానే లేచి వెళ్లిపోతాడు. ఇక్కడ తలుపు దగ్గర వాలంటీర్లు ఉన్నారు కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆ హీలీయే తర్వాత ట్రయంఫ్ కంపెనీలో చేరి, 1934లో ఇదే గ్లోరియా రకం బండితో ఏథెన్స్ నుంచి వచ్చి మూడో స్థానం తెచ్చాడు. 1935లో డాలమైట్ అనే కొత్త కారు తీసుకుని బయల్దేరితే డెన్మార్క్‌లో పొగమంచులో, రైల్వే గేటు దగ్గర, రైలు గుద్దింది. కారు నుజ్జు. లోపలున్న ఇద్దరూ బతికారు. మరుసటి ఏడాది డాలమైట్‌తోనే మళ్లీ వచ్చి ఎనిమిదో స్థానం!

ఆర్.ఎ.సి. ర్యాలీ అంత కఠినం కాదు లెండి. 1932లో మొదలైంది, తొలి ఏడాది 300కు పైగా కార్లు టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊరు చేరాయి. అక్కడ ఆఖరి పరీక్ష ఏమిటో తెలుసా? టాప్ గేరులో 100 గజాలు వీలైనంత నెమ్మదిగా నడపాలి! మన బడిలో ఆగస్టు 15కి పెట్టే స్లో సైకిల్ రేసు గుర్తుందా, అచ్చంగా అదే. ఆ తర్వాత వేగం పరీక్ష, బ్రేకు పరీక్ష. 1933లో కిటీ బ్రునెల్ అనే ఆవిడ ఏసీ అనే కంపెనీ కారుతో ఈ ర్యాలీ గెలిచింది. ఆ వెనక వరుసలో ఫోన్ చూసుకుంటున్న అమ్మాయిలు ఒకసారి ఇటు చూడాలి.

అదే 1932 జూన్‌లో హైదరాబాదులో నిజాం రైల్వే వాళ్లు 27 ఆల్బియన్ బస్సులతో సర్వీసు మొదలుపెట్టారు. ఆ బస్సులు స్కాట్లండ్ కంపెనీవి. అదే పెరిగి పెరిగి మన ఆర్టీసీ అయింది. ఈ సంగతి ఎందుకంటే మా నాన్న విజయవాడ ఆర్టీసీ వర్క్‌షాపులో మెకానిక్. అరిగిపోయిన స్పేరు పార్టు పారేసే ముందు ఆయన దాని మీద సుద్దముక్కతో బండి నంబరు, తేదీ రాసి వారం రోజులు బల్ల కింద ఉంచేవాడు. ఎందుకు నాన్నా అంటే, 'ఎందుకు పోయిందో అది చెప్పేదాకా దాన్ని పారెయ్యకూడదురా' అనేవాడు. నేను ఇంజనీరింగు చదివాను, ఆయన చదవలేదు.

ఇప్పుడు అసలు విషయం. మా గ్లోరియా చెక్క డాష్‌బోర్డు మీద, ఎడమ పక్కన మూడు చిల్లులు ఉండేవి. స్క్రూలు పెట్టి తీసేసినట్టు. చెక్కపని చేసే షాపుకి బోర్డు పంపించినప్పుడు వాళ్లు ఫోన్ చేసి 'వీటిని ఏం చేయమంటారు' అని అడిగారు. పెద్దాయన ఆ వారం ఆసుపత్రిలో ఉన్నారు. నేను, నేనే, 'పూడ్చేయండి, పైన కొత్త వాల్‌నట్ చెక్క పొర వేసేయండి, నీటుగా ఉంటుంది' అన్నాను. బోర్డు అద్దంలా తిరిగొచ్చింది. నాకు ఎంత సంతోషమో!

రెండు నెలలకి పెద్దాయన చెల్లెలిగారింట్లో, అటక మీద, బిస్కెట్ల డబ్బాలో ఒక చిన్న కంచు బిళ్ల దొరికింది. 1935 ర్యాలీ బిళ్ల. దానికి మూడు స్క్రూ రంధ్రాలు.

ఆయన ఆ బిళ్లని తెచ్చి డాష్‌బోర్డు మీద ఆనించి అటూ ఇటూ జరిపి చూశారు. ఏ మూల చూసినా నునుపే. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ బిళ్ల ఈ కారుదేనని చూపడానికి కంపెనీ రికార్డులు వెతుకుదామా అంటే ట్రయంఫ్ 1939లోనే దివాలా తీసింది, 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకి ఊరుతో పాటు ఆ ఫ్యాక్టరీ కూడా నాశనమైంది. ఒక నిపుణుడిని పిలిస్తే ఆయన మర్యాదగా, 'బిళ్ల అసలుదే, కారూ అసలుదే, ఈ రెంటికీ సంబంధం ఉందని రుజువేది?' అన్నారు. రుజువు మూడు చిల్లులు. పూడ్చింది నేను.

మీలో చాలామందికి ఊళ్లో తాతగారి బులెట్టో, అంబాసడరో, కనీసం పాత చేతక్ స్కూటరో ఉండే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లి కొత్త రంగు కొట్టించి వాట్సాప్‌లో పెడతారు, నేనూ లైకు కొడతాను. దండం పెడతాను, రంగు కొట్టించే ముందు ఒక్క పూట దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీయండి, ఆ గీత ఏమిటి, ఈ వెల్డింగు ఎక్కడ పడింది అని నాయనమ్మని అడగండి. ఆవిడ చెప్పేవి బాంబు పడితే దొరకవు, పడకపోయినా దొరకవు. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయిందండీ.

భోజనాల తర్వాత పిల్లల్ని ఎక్కించి ఒక రౌండు తిప్పుతాను. పొద్దున్నుంచీ బండి సెల్ఫ్ తీసుకోవడం లేదు, కాబట్టి తోయడానికి నలుగురు కావాలి, తిన్నవాళ్లయితే మంచిది. తోసేటప్పుడు వెనక స్పేరు చక్రం పట్టుకోకండి. ఎడమ మడ్‌గార్డు మీద అరచేయంత సొట్ట ఉంటుంది, అక్కడ చెయ్యి ఆనించండి. అది కూడా 1935 నాటిదేనని పెద్దాయన అంటారు. షాపువాళ్లు దాన్ని కూడా తీసేస్తామన్నారు, ఈసారి ఫోన్ పెట్టేశాను.