నీడల వెంట: తొలినాటి హారర్ సినిమా నడిచిన దారి

అందరికీ నమస్కారం.

హారర్ సినిమా చరిత్ర చెప్పమంటే చాలామంది రాక్షసుల పేర్లు వరసగా చెప్పుకుపోతారు. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీ, తోడేలు మనిషి అంటూ. నాకు ఆ లెక్క ఎప్పుడూ తృప్తినివ్వలేదు. 1896 నుంచి 1942 దాకా వచ్చిన ముఖ్యమైన సినిమాలను కాలక్రమంలో చూస్తూ వస్తే ఒక సంగతి పట్టుబడుతుంది. వెలుతురును వాడుకునే పద్ధతి మారినప్పుడల్లా భయం కొత్త వేషం కట్టింది. అందుకని ఇవాళ రాక్షసులను కాస్త పక్కన పెట్టి, నీడల వెంట నడుద్దాం.

మొదట్లో అసలు నీడే లేదు. పారిస్‌లో మ్యాజిక్ ప్రదర్శనలకు పేరున్న థియేటర్ ఒకటి జార్జ్ మెలియెస్ చేతిలో ఉండేది. లూమియేర్ సోదరులు జనానికి సినిమా చూపించిన మరుసటి ఏడాదే, 1896లో, ఆయన మూడు నిమిషాల బొమ్మ ఒకటి తీశాడు. పాత కోటలోకి గబ్బిలం ఎగిరొచ్చి దెయ్యంగా మారుతుంది. అస్థిపంజరాలు ప్రత్యక్షమవుతాయి. చివర్లో శిలువ చూపిస్తే దెయ్యం పారిపోతుంది. ప్రపంచంలో తొలి హారర్ సినిమా ఇదే అని చాలామంది అంటారు. కానీ మెలియెస్‌కు జనాన్ని భయపెట్టాలని లేదు, అబ్బురపరచాలని ఉంది. కెమెరా ఆపి, మనిషిని మార్చి, మళ్లీ తిప్పడమే ఆయన మంత్రం. ఫ్రేములో ప్రతి మూలా స్పష్టంగా కనబడుతుంది. అన్నీ కనబడే చోట భయానికి చోటు తక్కువ.

1910లో ఎడిసన్ కంపెనీ తీసిన ఫ్రాంకెన్‌స్టైన్ కూడా ఇంచుమించు ఈ దారిలోదే. అయితే అందులో ఒక ట్రిక్కు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. రాక్షసుడి ఆకారంలో చేసిన బొమ్మను తగలబెడుతూ షూట్ చేసి, ఆ రీలును వెనక్కి తిప్పి చూపించారు. మంటల్లోంచి మాంసం పోగుపడి, ఎముకల మీద పేరుకుని, చెయ్యి పైకి లేస్తుంది. ఇంత పాత సినిమాలో అలాంటి షాట్ ఉందంటే నమ్మబుద్ధి కాదు.

అసలు మలుపు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో వచ్చింది. ఓడిపోయిన దేశం, ఆకలి, వీధుల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు. ఆ వాతావరణంలో 1920 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో 'ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి' విడుదలైంది. దర్శకుడు రాబర్ట్ వీనె. కథ రాసిన హాన్స్ యానోవిట్జ్, కార్ల్ మాయర్ ఇద్దరికీ యుద్ధమన్నా, జనాన్ని చావుకు పంపే పెద్దలన్నా కోపం. అందుకే కథలో ఒక డాక్టరు నిద్రలో నడిచే మనిషిని చెప్పుచేతల్లో పెట్టుకుని హత్యలు చేయిస్తాడు.

ఈ సినిమా సెట్టింగులు తప్పకుండా గమనించాలి. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు కళాకారులు ఊరు మొత్తాన్ని గుడ్డల మీదా చెక్కల మీదా పెయింట్ చేశారు. కిటికీలు వంకర, గోడలు వంకర, పొగగొట్టాలు ఒరిగిపోయి ఉంటాయి. వెలుతురు చారలనూ నీడలనూ కూడా నేల మీదా గోడల మీదా కుంచెతోనే వేసేశారు! దీపం ఎటు ఉందో, నీడ ఎటు పడుతోందో లెక్క కుదరదు. చూస్తున్న మనకు కడుపులో ఏదో తిప్పినట్టుంటుంది. కథ చెబుతున్నవాడే పిచ్చాసుపత్రిలో ఉన్నాడని చివర్లో తెలిశాక ఆ వంకర ఎక్కడిదో అర్థమవుతుంది. అంతవరకూ దెయ్యం బయట ఎక్కడో కోటలో ఉండేది. ఇక్కడ మనిషి బుర్రలోకి వచ్చింది. హారర్ సినిమాకు అసలైన పుట్టినరోజు ఇదేనని నా నమ్మకం.

రెండేళ్లకు, 1922లో, ఎఫ్. డబ్ల్యూ. ముర్నావ్ 'నోస్ఫెరాటు' తీశాడు. ఈయన యుద్ధంలో విమానం నడిపినవాడు. కాలిగరిలా స్టూడియోలో కూర్చోకుండా కెమెరా పట్టుకుని బయటికి వెళ్లాడు. స్లొవేకియాలో ఓరవా కోట, జర్మనీలో విస్మార్, ల్యూబెక్ ఊళ్లు. చెట్లు, కొండలు, సముద్రం అన్నీ నిజమైనవే. ఆ నిజమైన లోకంలోకి పొడుగు గోళ్లతో, ఎలుక పళ్లతో, బట్టతలతో రక్తపిశాచి వేషంలో మాక్స్ ష్రెక్ నడిచొస్తాడు. అతని వెంట ఓడలో ఎలుకలూ, ఊరి మీదికి ప్లేగూ వస్తాయి. మహమ్మారి రోజులు చూసిన మనకు, తలుపులు మూసుకున్న ఆ వీధుల గురించి వేరే వివరించనక్కర్లేదు.

ఇందులో చివరి ఘట్టం చూడండి. రక్తపిశాచి మెట్లెక్కి కథానాయిక ఎలెన్ గదికి వస్తున్నాడు. మనకు మనిషి కనబడడు, గోడ మీద నీడ మాత్రమే. వంగిన వీపు, సాగిన వేళ్లు. తలుపు దగ్గరికి చెయ్యి చాస్తుంటే ఆ వేళ్లు ఇంకా సాగుతాయి. తర్వాతి షాట్లలో ఆ చేతి నీడ ఎలెన్ తెల్లని గౌను మీదుగా పాకి, గుండె దగ్గర ఆగి, పిడికిలి బిగిస్తుంది. ఆమె విలవిల్లాడిపోతుంది. ముట్టుకున్నది నీడ, నొప్పి నిజం. కాలిగరిలో గోడకు అతుక్కుపోయి ఉన్న నీడ ఇక్కడ కదలడం నేర్చుకుని, చంపడం కూడా నేర్చుకుంది.

ఇంకో సంగతి. సూర్యకాంతి తగిలితే రక్తపిశాచి చచ్చిపోతాడని అందరికీ తెలుసు కదా. ఈ సినిమాకు మూలమైన, 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాక్యులా'లో అలా లేదు. అందులో డ్రాక్యులా పగటిపూట కూడా తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. వెలుతురు తగలగానే మాయమైపోవడం ఈ సినిమా పెట్టింది. వెలుతురుతో, నీడతో బొమ్మ కట్టేవాళ్లకే తట్టగల ఊహ అది!

నవల హక్కులు కొనకుండా తీసినందుకు స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కింది. 1925లో ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని జర్మన్ కోర్టు తీర్పిచ్చింది. అప్పటికే విదేశాలకు వెళ్లిన కాపీల వల్ల సినిమా బతికిపోయింది. ఆమెకు జరిగింది అన్యాయమే, అందులో సందేహం లేదు. అయినా ఆ తీర్పు పూర్తిగా అమలు కానందుకు సంతోషించకుండా ఉండలేం.

ఈలోగా అమెరికాలో నటుడు లాన్ చానీ ఉన్నాడు. తల్లిదండ్రులిద్దరూ చెవిటివాళ్లు కావడంతో చిన్నప్పటి నుంచీ ముఖంతో, చేతులతో మాట్లాడటం అలవాటైంది. మూకీ సినిమాకు అంతకంటే మంచి శిక్షణ ఏముంటుంది? మేకప్ కూడా తనే వేసుకునేవాడు. 1925 నాటి 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా'లో ముసుగు లాగేసే క్షణం ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేస్తుంది.

ఇక జర్మన్ నీడలు ఓడెక్కి హాలీవుడ్ చేరాయి. ముర్నావ్ వెళ్లాడు, దర్శకుడు పాల్ లెనీ వెళ్లాడు, కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ వెళ్లాడు. 1931లో యూనివర్సల్ వాళ్ల 'డ్రాక్యులా'కు కెమెరా ఫ్రాయిండే. డ్రాక్యులా వేషం వేసిన బేలా లుగోసి కళ్ల మీద మాత్రమే సన్నటి లైట్లు వేసి, మిగతా ముఖాన్ని చీకట్లో వదిలేశాడు. టాకీలు కొత్త కాబట్టి సినిమాలో నేపథ్య సంగీతం దాదాపు లేదు. ఆ నిశ్శబ్దం కొందరికి విసుగు. నాకైతే మొదట్లో వచ్చే కోట సీన్లు చాలు, తర్వాతదంతా నాటకంలా సాగుతుంది. అవే సెట్లలో రాత్రుళ్లు వేరే నటులతో స్పానిష్ డ్రాక్యులా తీశారు. కెమెరా పనితనంలో అదే మెరుగు.

అదే ఏడాది నవంబరులో జేమ్స్ వేల్ 'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది. దీని దగ్గర కాసేపు ఆగుదాం. వేల్ మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కి ఖైదీగా ఉన్నాడు. రాక్షసుడి వేషం వేసిన బోరిస్ కార్లోఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. వాళ్ల నాన్న బ్రిటిష్ ఇండియాలో ఉద్యోగం చేసిన మనిషి. జాక్ పియర్స్ గంటల తరబడి మేకప్ వేసేవాడు. చెంప లోపలికి పోయినట్టు కనబడటానికి కార్లోఫ్ తన కట్టుడు పళ్లు తీసేశాడు.

ఆ రాక్షసుణ్ని పుట్టిన దగ్గర్నుంచీ చీకట్లోనే ఉంచుతారు. ఒకరోజు వాణ్ని తయారు చేసిన డాక్టరు తాడు లాగి పైకప్పులో కిటికీ తెరుస్తాడు. వెలుతురు పడుతుంది. వాడు తల పైకెత్తుతాడు, మెల్లగా లేచి నిలబడతాడు, రెండు చేతులూ చాచి ఆ వెలుతురును పట్టుకోవాలని చూస్తాడు. డాక్టరు కిటికీ మూసేస్తాడు. అప్పుడు ఆ చేతులు డాక్టరు వైపు తిరిగి, ఇంకాస్త ఇమ్మని అడుగుతున్నట్టు ఆగిపోతాయి. ఒక్క మాట లేదు. కాసేపటికే నౌకరు కాగడా పట్టుకుని పరుగెత్తుకొస్తాడు. జీవితంలో వాడు చూసిన రెండో వెలుతురు నిప్పు. అక్కణ్నుంచి వాడు రాక్షసుడవుతాడు. తొమ్మిదేళ్ల కిందట నోస్ఫెరాటును చంపిన వెలుతురు కోసమే ఇక్కడ రాక్షసుడు చెయ్యి చాచాడు. భయపెట్టాల్సిన వాడి మీద జాలి పుట్టించడం హారర్ సినిమా సాధించిన అతి పెద్ద విజయం అంటాను నేను.

చెరువు దగ్గర చిన్నపిల్ల సీనులోనూ అదే జాలి. పూలు నీళ్ల మీద తేలుతుంటే చూసి మురిసిపోతాడు. పూలు అయిపోయాక, పిల్ల కూడా అలాగే తేలుతుందనుకుని నీళ్లలో వేస్తాడు. దారుణమని ఆ ముక్క కత్తిరించారు. దాంతో వాడు పిల్ల వైపు చేతులు చాచడం దగ్గరే సీను తెగిపోయి, జనం అంతకంటే ఘోరమైనదేదో ఊహించుకున్నారు. 1980లలో గానీ ఆ ముక్క మళ్లీ సినిమాలో చేరలేదు.

1934 తర్వాత అమెరికాలో సెన్సారు నియమాలు బిగిశాయి. అవే రాక్షసులు, అవే కోటలు మళ్లీ మళ్లీ తిరిగాయి. ఆ దారి మార్చినది 1942లో నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ తీసిన 'క్యాట్ పీపుల్'. డబ్బు తక్కువ, 'క్యాట్ పీపుల్' అనే పేరు కూడా కంపెనీవాళ్లు ముందే ఇచ్చేశారు. రాత్రి స్విమ్మింగ్ పూల్‌లో ఒంటరిగా ఒకమ్మాయి, నీటి వెలుగు కదులుతున్న గోడలు, ఎక్కడో గురగుర, ఏదో నీడ. ఆమెను వెంటాడుతున్న చిరుతను అక్కడ మనం చూడం, మన బుర్రే దాన్ని తయారు చేసుకుంటుంది.

ఈ జర్మన్ వెలుతురు మన దేశానికి కూడా వచ్చింది. మ్యూనిక్ నుంచి బొంబాయి టాకీస్‌కు వచ్చిన కెమెరామన్ యోసెఫ్ విర్షింగ్, 1949లో కమాల్ అమ్రోహీ 'మహల్'కు పనిచేశాడు. ఊగే దీపం, పెద్ద బంగళా, కనబడీ కనబడని మధుబాల. ఆ తర్వాత మన దగ్గర బంగళా, తెల్లచీర, పాట కలిపి వచ్చిన దెయ్యాల సినిమాలు చాలావాటికి మూలం అక్కడుంది.

ఇప్పుడు మనం నోస్ఫెరాటు చూడబోతున్నాం. ఇది రంగు అద్దిన ప్రింటు. ఆ రోజుల్లో రాత్రి సీన్లను పగలే తీసి, ఫిల్ముకు నీలం రంగు అద్దేవాళ్లు. ఇంటర్నెట్‌లో దొరికే రంగు పోయిన కాపీల్లో రక్తపిశాచి ఎండలో తిరుగుతున్నట్టు కనబడి, కథకే అర్థం లేకుండా పోతుంది. కాబట్టి నీలం కనబడితే రాత్రి, పసుపు అయితే పగలు లేదా దీపపు వెలుగు, గులాబీ వస్తే తెల్లవారుతోందని గుర్తుపెట్టుకోండి. ప్రశ్నలుంటే సినిమా అయ్యాక మాట్లాడుకుందాం.