ఫోను చేతిలోకి ఎప్పుడు వస్తోంది?

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ విషయం మీద ఎక్కడ మాట్లాడినా ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: రోజుకు ఎన్ని గంటలు ఫోను చూడొచ్చు? దానికి నేను అంకె చెప్పను. ఆమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు 3 లక్షల 55 వేల మందికి పైగా టీనేజీ పిల్లల వివరాలు పరిశీలించి 2019లో ఒక సంగతి తేల్చారు. పిల్లల మానసిక స్థితిలో ఒకరికీ ఒకరికీ ఉన్న తేడాల్లో డిజిటల్ వాడకానికి ముడిపెట్టగలిగింది మహా అయితే 0.4 శాతమట. ఇది విని పిల్లలు చప్పట్లు కొట్టకండి. గంటలన్నీ కలిపి లెక్కేస్తే, సెలవు రోజు మధ్యాహ్నం చూసిన గంటా, పరీక్ష ముందు రాత్రి ఒంటిగంటకు చూసిన గంటా ఒకే పద్దులో పడతాయి. చదువుకునేవాళ్లకు ఆ రెండూ ఒకటి కావు. అందుకే ఫోను ఏ ఘడియలో చేతిలోకి వస్తోందో, అక్కడి నుంచి మొదలుపెడదాం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది లెక్క తెగని చోట. ఇచ్చిన విలువలు రాసుకున్నారు, సూత్రం గుర్తొచ్చింది, మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. లోపల చిన్న చిరాకు. చెయ్యి తనంతట తానే ఫోను మీదకు పోతుంది. చిరాకు వెంటనే తగ్గుతుంది. మెదడు నేర్చుకునే పాఠం అదే: చదువు కష్టమైతే ఫోను తీయాలి. లెక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, టైము తరిగిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ ఫోను. ఈ గానుగ తిరుగుడుకు పిల్లల సోమరితనం కారణమని తేల్చేయడం తొందరపాటు. తీసిన ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి మంచిది తగిలితే, అలవాటు గట్టిపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల నుంచే తెలుసు. సోషల్ మీడియాలో ఒకదాని కింద ఒకటి వచ్చే పోస్టుల వరుస, అంటే ఫీడు, పనిచేసేదీ అలాగే. పైగా దానికి అడుగన్నది లేదు. అంతం లేకుండా జారే పేజీని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, తర్వాత తానే దాన్ని బహిరంగంగా తప్పుబట్టాడు.

రెండు నిమిషాలే కదా చూశాను అంటారు. ఆ రెండు నిమిషాలతో పోదు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేది నాలుగైదు అంశాలే. మెసేజి చదవగానే ఆ లెక్క తాలూకు అంకెలు జారిపోతాయి, తిరిగొచ్చాక మళ్లీ మొదటి మెట్టు నుంచి పేర్చుకోవాలి. పైగా చూసిన మెసేజి వెనకే కొంత ధ్యాస ఉండిపోతుంది. ఒక పని వదిలి మరోదానికి మారినప్పుడు మిగిలిపోయే ఈ శేషాన్ని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో వివరంగా అధ్యయనం చేశారు.

దీనికి మందు సంకల్పబలం కాదు, దూరం. ఫోను వేరే గదిలో పెట్టండి. బోర్లా తిప్పి బల్ల మీద పెట్టడం సగం పనే. ఫోను దగ్గర ఉన్నంత మాత్రాన ఆలోచనాశక్తి తగ్గుతుందా అన్న దాని మీద 2017 నుంచి జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. అయినా గది మార్చడానికి ఖర్చేమీ లేదు కాబట్టి ఆ తగవు తేలేదాకా ఆగక్కర్లేదు. పక్కన ఒక తెల్ల కాగితం ఉంచుకోండి. మధ్యలో గుర్తొచ్చే ప్రతిదీ, ఫలానా వాళ్లకు ఫోన్ చేయాలి, ఫలానా పదానికి అర్థం చూడాలి, అన్నీ దాని మీద రాసి, చదువు అయ్యాక ఒకేసారి చూసుకోండి. లేవక తప్పకపోతే లేచేముందు ఒక్క వాక్యం రాయండి: "మూడో మెట్టు దగ్గర ఆగింది, రాగానే రెండు వైపులా వర్గం చేసి చూడాలి." తిరిగొచ్చాక అక్కడి నుంచే అందుకోవచ్చు.

పాఠాలే ఫోనులో ఉంటే? కంచే చేను మేసే పరిస్థితి అది. కూర్చునే ముందే కావలసిన ఫైళ్లు దించుకుని ఇంటర్నెట్ ఆపేయండి. నోటిఫికేషన్లలో ఇంటివాళ్ల కాల్స్ తప్ప మిగతావన్నీ ఆపండి. అత్యవసరం ఏమవుతుందో అన్న బెంగ ఉంటే, ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి వచ్చిన కాల్ మాత్రం మోగేలా పెట్టే వీలు చాలా ఫోన్లలో ఉంది. యాప్ టైమర్లను మాత్రం నేను పెద్దగా నమ్మను. గడువు అయిపోగానే "ఇంకాస్త సేపు" అనే బటనూ అక్కడే ఉంటుంది, వారం తిరిగేసరికి వేలు దాన్ని చూడకుండానే నొక్కేస్తుంది. అంతకంటే యాప్ తీసేసి, కావాలనుకున్నప్పుడు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూసుకునేలా పెట్టుకోండి. ప్రతిసారీ టైపు చేయాల్సి రావడంతో చాలా కోరికలు అక్కడే చల్లారతాయి.

25 నిమిషాలు చదివి 5 నిమిషాలు విరామం అనే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. బట్టీ పట్టే అంశాలకు పనికొస్తుంది. పెద్ద లెక్కలకు 25 నిమిషాల్లో ఊపందుకునేలోపే గంట మోగుతుంది. వాటికి 45, 50 నిమిషాలు పెట్టుకోండి. విరామంలో నడవండి, నీళ్లు తాగండి. ఫీడు తెరిస్తే అది 5 నిమిషాల్లో ముగియదు.

ఇంకో మోసం ఉంది, ఇది బుద్ధిమంతులను కూడా పట్టుకుంటుంది. మంచి వీడియో పాఠం చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. అర్థమవడం వేరు, అడిగితే రాయగలగడం వేరు. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తు చేసుకుని రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత తిరగబడింది: చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 56 శాతం. పరీక్ష హాలులో చెమటలు పట్టడానికి ఒక పెద్ద కారణం ఈ ఉత్త ధీమానే. వీడియో 10 నిమిషాలు నడిచాక ఆపండి, తెల్ల కాగితం మీద గుర్తున్నంత రాయండి, వదిలేసిన వాటిని వేరే రంగు సిరాతో పూరించండి. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు ఆ రంగు సిరా భాగాన్నే మళ్లీ చూడకుండా రాయండి. చాట్‌బాట్‌ను అడిగే అలవాటున్నవాళ్లు ముందు 15 నిమిషాలు సొంతంగా ప్రయత్నించి, ఆపైన జవాబు కాకుండా ఒక్క సూచన మాత్రమే అడగండి.

ఇక రెండో ఘడియ, రాత్రి సంగతి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ వయసులో శరీర గడియారమే కాస్త ఆలస్యంగా నడుస్తుంది, త్వరగా నిద్ర రాకపోవడం వాళ్ల తప్పు కాదు. దాని మీద ఫోను, గోరుచుట్టు మీద రోకటిపోటు. 2015లో అచ్చు పుస్తకాన్నీ వెలుగు చిమ్మే ఈ-రీడర్‌నూ పోల్చి చూస్తే, తెర మీద చదివిన రాత్రుల్లో నిద్ర పట్టడానికి సగటున 10 నిమిషాలు ఎక్కువ పట్టింది, ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను విడుదల గంటన్నర ఆలస్యమైంది. తెరను పసుపురంగుకు మార్చేస్తే సరిపోతుందనుకుంటారు. వెలుగు సంగతి అలా ఉంచితే, వాదులాట నడుస్తున్న గ్రూపు చాటు పసుపు తెర మీద కూడా నిద్ర చెడగొడుతుంది.

చార్జరు పడకగది బయట పెట్టండి. అలారం కోసం ఫోను కావాలంటారు, మామూలు అలారం గడియారం తెచ్చుకోండి. ముందు సరిచేయాల్సింది లేచే వేళ. అది కుదిరాక పడుకునే వేళను రెండు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున ముందుకు జరపండి. ఒక్కరోజులో రెండు గంటలు జరపబోతే మంచం మీద దొర్లడమే మిగులుతుంది. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండుకు ఇంకా సగం ఉన్నట్టే. రేపటి పనులు బుర్రలో తిరుగుతుంటే పడుకునే ముందు 5 నిమిషాలు వాటిని కాగితం మీద రాసేయండి.

మార్కులు వచ్చిన రోజు, పరీక్షకూ పరీక్షకూ మధ్య సాయంత్రం మూడో ఘడియ. జవాబులు పోల్చుకునే గ్రూపులను చివరి పరీక్ష దాకా మ్యూట్ చేయండి, రాసేసిన పేపరు మారదు. సోషల్ మీడియాను పూర్తిగా మానమని కూడా నేననను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసిన 2018 నాటి ప్రయోగంలో, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కోదాన్ని రోజుకు 10 నిమిషాలకు తగ్గించినవాళ్లలో మూడు వారాలకు ఒంటరితనం, దిగులు తగ్గాయి.

పరీక్ష హాలులో బుర్ర ఖాళీ అయితే పెన్ను కింద పెట్టండి. 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. పదిసార్లు చేస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. తర్వాత బాగా వచ్చిన చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోను లాక్కుంటే పిల్లలు ఫోను మానరు, మీకు చెప్పడం మానతారు. ఆన్‌లైన్‌లో ఎవరైనా వేధిస్తున్నా, ఫోను పోతుందన్న భయంతో దాచేస్తారు. "ఏం జరిగినా చెప్పు, చెప్పినందుకు ఫోను తీసుకోం" అని ముందే మాటివ్వండి. వేధింపు ఎదురైతే జవాబివ్వకుండా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచాకే బ్లాక్ చేయాలి. దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే, నిద్ర, తిండి, చదువు మారిపోతే డాక్టరును కలవండి. చనిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే ఆ రోజే వెళ్లండి, బిడ్డను ఒంటరిగా వదలొద్దు.

ద్వారం దగ్గర బల్ల మీద గళ్ల కాగితాలు ఉంచాం. వారం పాటు, ఫోను తీసిన ప్రతిసారీ రెండే గళ్లు నింపాలి: టైమెంత, తీయడానికి ముందు ఏం చేస్తున్నారు. ఎంతసేపు చూశారో రాయక్కర్లేదు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూడా తలా ఒకటి తీసుకోండి, కాగితాలు సరిపడా ఉన్నాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.