ఒనోమిచి: కారు ఎక్కలేని కొండ, ఐదు నిమిషాల్లో దాటే సముద్రం

[రైలు కిటికీ. కుడివైపు నీళ్ళు, దూరంగా దీవులు.]

హిరోషిమాలో తూర్పుకి వెళ్ళే లోకల్ రైలెక్కి, కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. గంట దాటాక మిహారా అనే స్టేషన్ వస్తుంది. అది వదలగానే సముద్రం పట్టాల పక్కకే వచ్చేస్తుంది. ఒకదాని వెనక ఒకటిగా దీవులు. ఇంకో పావుగంటలో మనం దిగాల్సిన ఊరు: ఒనోమిచి.

నమస్తే అండి. జపాన్ వెళ్ళే మనవాళ్ళ ప్లాన్‌లో టోక్యో, క్యోటో, ఒసాకా తప్పకుండా ఉంటాయి. వీలైతే హిరోషిమా. ఒనోమిచి చాలామంది ప్లాన్‌లో ఉండదు. ఉన్నా సైకిల్ అద్దెకు తీసుకుని వెళ్ళిపోవడానికి ఒక మజిలీలా ఉంటుంది. ఈ ఊరికి కనీసం ఒక రాత్రి, కుదిరితే రెండు రాత్రులు ఎందుకివ్వాలో ఈ వీడియోలో చెప్తాను.

[మ్యాప్. కొండ, సన్నటి ఊరు, సన్నటి నీటిపాయ, ఎదురుగా దీవి.]

ముందు ఈ మ్యాప్ చూడండి, ఊరి కథంతా ఇందులోనే ఉంది. ఉత్తరాన కొండ. దక్షిణాన సముద్రం. కానీ ఈ సముద్రం మనం విశాఖలో చూసే సముద్రంలా ఉండదు. ఇది సెతో లోపలి సముద్రం, జపాన్ పెద్ద దీవుల నడుమ చిక్కుకున్న నీళ్ళు. ఒనోమిచి ఎదురుగా ముకాయిషిమా అనే దీవి ఎంత దగ్గరగా ఉంటుందంటే, మధ్యలోని సముద్రం గోదావరి పాయ కంటే పెద్దదేం కాదనిపిస్తుంది. అలలు ఉండవు. పెద్ద గాలులు వచ్చినా ఎదురుగా దీవి అడ్డం. ఓడలు ఆగడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే 1169లో దీన్ని రేవుగా తెరిచారు. లోపలి కొండ ప్రాంతంలోని ఓతా అనే పెద్ద జాగీరులో పండిన బియ్యం ఇక్కడికి వచ్చి ఓడలెక్కేది. తర్వాతి శతాబ్దాల్లో ఉత్తరాది నుంచి వచ్చే సరుకు ఓడలు కూడా ఇక్కడ ఆగేవి. వర్తకులకు డబ్బొచ్చింది. ఆ డబ్బుతో గుళ్ళు కట్టించారు. ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని గుళ్ళా అని ఆశ్చర్యపోతే, దానికి జవాబు ఆ రేవే.

తర్వాత 1891లో రైలు వచ్చింది. కొండకీ సముద్రానికీ మధ్య ఉన్నదే సన్నటి పట్టీ లాంటి నేల. పట్టాలకు అందులోనే చోటివ్వాలి. దారిలో ఉన్న ఇళ్ళు లేచిపోయాయి, జనం కొండవాలు మీద ఉన్న గుళ్ళ స్థలాల్లోకి ఎక్కారు. డబ్బున్న వర్తకులు కూడా సముద్రం కనిపించేలా పైన విడిది ఇళ్ళు కట్టుకున్నారు. ఇవాళ మనం ఫొటోలు తీసుకునే ఆ మెట్ల దారులు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెంకుటిళ్ళు చాలావరకు ఆ కాలం నుంచి పెరిగినవే. రెండో ప్రపంచ యుద్ధంలో హిరోషిమాకి పట్టిన గతి ఈ ఊరికి పట్టలేదు. అందుకే పాత వీధులు మిగిలాయి.

[రైలు గేటు పడుతుంది. పట్టాల కింద చిన్న సొరంగ దారి. అవతల మెట్లు మొదలు.]

స్టేషన్ బయటికొస్తే ఎదురుగా సముద్రం, వెనక కొండ. కొండ ఎక్కాలంటే పట్టాలు దాటాలి. గుళ్ళకు వెళ్ళే కొన్ని దారులు పట్టాల కిందుగా దూరి వెళ్తాయి, తల వంచాల్సినంత తక్కువ ఎత్తులో.

నా సలహా: పైకి రోప్‌వేలో వెళ్ళండి, కిందికి నడిచి రండి. 1957 నుంచి నడుస్తున్న ఈ రోప్‌వే మూడు నిమిషాల్లో సెన్‌కోజి కొండమీదికి చేరుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తే రోప్‌వేలోనే తిరిగి దింపండి. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉండదు.

సెన్‌కోజి గుడిని 806లో స్థాపించారని ప్రతీతి. గుడి పక్కన తామా నో ఇవా అనే పెద్ద బండ ఉంది. తామా అంటే మణి. పూర్వం ఈ బండ పైన ఒక మణి ఉండేదట, రాత్రిళ్ళు దాని వెలుగు ఓడలకు దారి చూపేదట. పరదేశం నుంచి వచ్చిన ఒకడు దాన్ని ఎత్తుకుపోబోయి సముద్రంలో జారవిడిచాడట. అందుకే ఇక్కడి నీళ్ళకు మణుల రేవు అనే అర్థం వచ్చే పాత పేరుంది. ఇప్పుడు బండ మీద ఒక గోళం పెట్టారు, చీకటి పడితే అది వెలుగుతుంది. ఈ కథ గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

కిందికి దిగుతుంటే తెన్నెయిజి గోపురం తగులుతుంది. 1388లో కట్టినప్పుడు దీనికి ఐదంతస్తులు. పైభాగం బాగా పాడైపోతే 1692లో పై రెండంతస్తులు తీసేసి మూడంతస్తుల గోపురంగా నిలబెట్టారు. గోపురానికి కాస్త పైన, మెట్ల మీద ఆగి చూడండి. ముందు గోపురం, దాని వెనక ఊరి పెంకులు, ఆ వెనక సముద్రం, అవతల ఓడలు కట్టే యార్డుల క్రేన్లు. ఒక పూట మొత్తం అక్కడే కూర్చున్నా తక్కువే అనిపించింది నాకు.

ఈ దారుల్లోనే పిల్లుల సందు అని ఒకటుంది. బొమ్మలేసిన గుండ్రటి రాళ్ళు, ఎండ కాచుకునే నిజం పిల్లులు. పిల్లులకు తిండి పెట్టకండి. మీరు నడిచే సందు ఎవరిదో వంటింటి కిటికీ పక్కనే వెళ్తోందన్న సంగతి కూడా మరిచిపోకండి. గట్టిగా మాట్లాడుకుంటూ, రీల్స్ కోసం స్పీకర్ పెట్టుకుంటూ వెళ్ళే చోటు కాదది.

[ఖాళీ ఇల్లు. చెక్క తలుపు, మెట్ల మీద పెరిగిన తీగ.]

నడుస్తూ ఉంటే మీకే తెలుస్తుంది, చాలా ఇళ్ళలో ఎవరూ లేరు. ఈ విషయం మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలా ట్రావెల్ వీడియోలు దీన్ని అందమైన శిథిలాల్లా చూపించి వెళ్ళిపోతాయి.

ఈ ఇళ్ళ వరకు కారు రాదు. సిలిండర్ రాదు, ఫ్రిజ్ రాదు, ఏదైనా మనిషి మోయాల్సిందే. వయసైపోయినవాళ్ళు కిందికి దిగిపోయారు. పిల్లలు ఉద్యోగాలకని వెళ్ళిపోయారు. సరే, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవచ్చు కదా అంటారేమో. అక్కడే చిక్కు. 1950 నాటి జపాన్ భవన నిర్మాణ చట్టం ప్రకారం కొత్త ఇల్లు కట్టాలంటే, ఆ స్థలం కనీసం 4 మీటర్ల వెడల్పున్న రోడ్డుకు 2 మీటర్ల మేర ఆనుకుని ఉండాలి. ఈ కొండ మీద అంత రోడ్డు ఎక్కడిది? పడగొడితే మళ్ళీ కట్టలేరు. ఉన్నదాన్ని బాగుచేసుకోవాలి, లేదా అది కూలిపోతుంటే చూస్తూ ఉండాలి.

ఇక్కడివాళ్ళు బాగుచేసుకునే దారి పట్టారు. 2007లో స్థానికులు ఒనోమిచి అకియా సైసెయ్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అకియా అంటే ఖాళీ ఇల్లు, సైసెయ్ అంటే తిరిగి ప్రాణం పోయడం. ఇల్లు కావాల్సిన కొత్తవాళ్ళను, వదిలేసిన ఇళ్ళ యజమానులను కలుపుతారు. శిథిలాలు దింపడానికి, సామాను ఎక్కించడానికి మనుషులు పోగవుతారు. కొన్ని ఇళ్ళు కెఫేలయ్యాయి, కొన్ని చేతిపనుల దుకాణాలయ్యాయి, చాలావాటిలో కుటుంబాలు చేరాయి. వాళ్ళు నడిపే గెస్ట్‌హౌస్‌లు రెండు మీకు ఉపయోగపడతాయి. కొండ మీద, 1921 నాటి పాత విడిది ఇంట్లో మిహరాషి-తెయ్. కింద బజారులో అనగో నో నెదోకో, అంటే పాముచేప పడక. మన ఊళ్ళలో రైలుపెట్టెలా వరుస గదుల ఇల్లు ఉంటుందే, సరిగ్గా అలా వీధి నుంచి వెనక్కి పొడుగ్గా సాగిపోయే ఇల్లు.

ఈ ఊళ్ళో రాత్రి ఉండమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. పగలు వచ్చి ఫొటోలు తీసుకుని సాయంత్రం రైలెక్కితే ఆ ఇళ్ళకు దక్కేది ఏమీ లేదు.

అయితే కొండ మీద దిగేవాళ్ళు పెద్ద సూట్‌కేస్ తేవద్దు. చక్రాలు మెట్ల మీద పనికిరావు. ముందు హోటల్ నుంచి తర్వాతి హోటల్‌కి సామాను కొరియర్‌లో పంపేయండి, జపాన్‌లో ఈ సౌకర్యం చాలా బాగుంటుంది. ఒక జత బట్టలున్న బ్యాగు భుజానికి తగిలించుకుంటే చాలు.

రైలు గురించి ఇంకొక మాట. షిన్-ఒనోమిచి అని బుల్లెట్ రైలు, అంటే షిన్‌కాన్‌సెన్ స్టేషన్ ఉంది కదా అని కంగారుగా బుక్ చేయకండి. అది ఊరికి దూరంగా, కొండ అవతల ఉంది, అక్కడ ఆగేవి ఎక్కువగా అన్ని స్టేషన్లలో ఆగే కొదామా రైళ్ళే. ఫుకుయామా వరకు షిన్‌కాన్‌సెన్‌లో వచ్చి, అక్కడ లోకల్ రైలెక్కితే 20 నిమిషాల్లో ఊరి నడిబొడ్డున దిగుతారు.

[పొగలు కక్కే రామెన్ గిన్నె.]

తిండి. ఒనోమిచి రామెన్‌కి జపాన్ అంతటా పేరుంది. సోయా సాస్ పులుసు, సెతో సముద్రపు చిన్న చేపలతో కాచిన రసం, చదునైన నూడుల్స్, పైన తేలే పంది కొవ్వు ముక్కలు. తినేవాళ్ళు క్యూలో నిలబడైనా తినండి. శాకాహారులకు మాత్రం దీనిలో ఏదీ పనికిరాదు, ముక్కలు పక్కన పెట్టి తిందామన్నా రసమే చేపలది. కూరగాయల వంటల్లో కూడా చేప రసం కలుస్తుంది. వంట చేసుకునే వీలున్న గెస్ట్‌హౌస్ తీసుకుని, కందిపొడి, ఒక చిన్న నెయ్యి సీసా బ్యాగులో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

[వంతెన. రోడ్డు అంచున నీలం గీత.]

ఇక సైకిల్. ఒనోమిచి నుంచి ఆరు దీవుల మీదుగా షికోకు దీవిలోని ఇమబారి వరకు దాదాపు 70 కిలోమీటర్ల దారి, షిమనామి కైదో. 1999లో వంతెనలన్నీ కలిశాయి. రోడ్డు మీద నీలం గీత గీసి ఉంటుంది, దాని వెంట పోవడమే. మనలాగే ఎడమవైపు నడక కాబట్టి తికమక పడరు. అలవాటు లేనివాళ్ళు మొత్తం తొక్కాలని పంతం పట్టొద్దు. ఇకుచిజిమా వరకు వెళ్ళి, సెతోదా రేవు నుంచి పడవలో వెనక్కి రావచ్చు. ఆ దీవంతా నిమ్మతోటలే. ఆ పక్కనున్న తాతారా వంతెన 1999లో తెరిచినప్పుడు తీగల ఆధారంతో నిలిచే వంతెనల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది, దాని మధ్య భాగం 890 మీటర్లు.

మొదటి దీవికి మాత్రం వంతెన మీద వెళ్ళరు. ఒనోమిచి వంతెన ఇరుకు, కార్ల రద్దీ ఎక్కువ. అందరూ ఫెర్రీ ఎక్కుతారు.

[సాయంత్రం. ఫెర్రీ రేవు. స్కూలు పిల్లలు సైకిళ్ళు నడిపించుకుంటూ ఎక్కుతారు.]

సైకిల్ తొక్కకపోయినా ఈ ఫెర్రీ ఎక్కండి. టికెట్ బుకింగ్ లేదు, జేబులో చిల్లర నాణేలుంటే చాలు. ఐదు నిమిషాల ప్రయాణం. ఇది టూరిస్టుల పడవ కాదు, బడికీ పనికీ వెళ్ళేవాళ్ళ రోజువారీ దారి. 2025 మార్చి వరకు ఇంకో ఫెర్రీ కూడా ఇక్కడ నడిచేది, ఛార్జీ 60 యెన్లు. అది ఆగిపోయింది. మిగిలినవి నడుస్తున్నప్పుడే వెళ్ళండి.

చివరి ఫెర్రీ ఎప్పుడో రేవు బోర్డు మీద చూసుకుని, చీకటి పడే వేళకు ముకాయిషిమాలో దిగండి. దిగి వెనక్కి తిరగండి. కొండ మీద ఉన్నప్పుడు కనిపించని కొండ ఇక్కడి నుంచి మొత్తంగా కనిపిస్తుంది. కింద రైలు పెట్టెల దీపాలు, పైన మెట్ల పక్క ఇళ్ళ దీపాలు, మధ్యమధ్య చీకటిగా మిగిలిన ఇళ్ళు. అన్నిటికంటే పైన, సెన్‌కోజి ఎక్కడుందో వెతకండి, మణి బండ అక్కడే.