చేపలకి జ్వరమేంట్రా? రీఫ్ ట్యాంకులో వేడి సరిగ్గా కొలిచే పద్ధతి

[షాట్: సంప్ (ట్యాంకు కింద ఉండే నీళ్ల పెట్టె) లోపల. హీటర్ ఎర్ర లైటు వెలుగుతోంది, దాని పైనే ఫ్యాన్ తిరుగుతోంది]

నమస్తే అండి, బరంపురం నుంచి మాట్లాడుతున్నా. నాది రీఫ్ ట్యాంకు, అంటే పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు. ముందు ఈ క్లిప్ చూడండి, డిసెంబర్‌లో రాత్రి పదకొండింటికి తీశా. హీటర్ నీళ్లు కాస్తోంది, అదే నీళ్లని ఫ్యాన్ చల్లారుస్తోంది, రెండిటి బిల్లూ నేనే కడుతున్నా.

హీటర్‌కి దాని థర్మోస్టాట్ దానికే ఉంది, 25 మీద పెట్టా. ఫ్యాన్ మాత్రం ప్రోబ్ (నీళ్లలో ముంచి వేడి కొలిచే వైరు కొస) ఉన్న కంట్రోలర్ చెప్పినట్టు వింటుంది, 26 దాటితే తిరగాలి. కంట్రోలరేమో 26.3 అంటోంది, హీటరేమో ఇంకా 25 రాలేదంటోంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు కదా. చెయ్యి పెట్టి చూశా, చల్లగానే అనిపించింది, కానీ చేతిని నమ్మితే ఇంత సామాను కొనడం దేనికి?

ఒక మాట ఇక్కడే చెప్తా. తెర మీద చుక్క తర్వాత అంకె కనబడగానే మనకి గట్టి నమ్మకం వచ్చేస్తుంది. డీఎస్18బీ20 అని చాలామంది వాడే సెన్సర్ ఉంది, అది 0.0625 డిగ్రీల మెట్లలో చూపించగలదు, కానీ తయారీదారు హామీ ఇచ్చేది అటూ ఇటూ అర డిగ్రీ వరకే. అది కూడా అసలుదైతే. నకిలీలు బోలెడు. ఎంత చిన్న తేడా చూపిస్తుందనేది వేరు, ఎంత నిజం చెప్తుందనేది వేరు.

మరి పరీక్ష ఎలా? ఐసు. మంచినీళ్ల ఐసు కరుగుతూ ఉన్నంతసేపూ సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని వినండి. మా మావయ్య గోపాల్‌పూర్ నుంచి థర్మకోల్ పెట్టెలో చేపలు తెచ్చాడు, అందులో ఐసు కనబడింది, గ్లాసులో వేసి ప్రోబ్ ముంచేశా. 3.1 చూపించింది. ఓహో, మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందన్నమాట అనుకున్నా. ఆ ఐసుకి ఉప్పునీళ్లు తగిలాయన్న సంగతి తర్వాత వెలిగింది. ఉప్పు కలిస్తే ఐసు సున్నా కంటే కిందికి పోతుంది. అంటే కొలిచే కర్ర కూడా వంకరే.

[షాట్: స్టీలు గ్లాసు, నలగ్గొట్టిన ఐసు, మధ్యలో ప్రోబ్]

రెండోసారి ఆర్ఓ నీళ్లతో ఇంట్లో గడ్డకట్టించా. ఐసు బాగా నలగ్గొట్టండి, గ్లాసు నిండా వెయ్యండి, సందులు నిండేంత నీళ్లే పొయ్యండి, నీళ్లెక్కువై ఐసు తేలిపోకూడదు. ప్రోబ్‌ని మధ్యలో పెట్టి, అడుక్కీ పక్కలకీ తగలకుండా ఐదు నిమిషాలు కలుపుతూ ఉండండి. నాకు 4.0 దగ్గర ఆగింది.

సరే, కంట్రోలర్‌లో నాలుగు తీసేద్దాం అనుకున్నా. మీరు అలా చెయ్యకండి. మన ట్యాంకు సున్నా దగ్గర ఉండదు, 25, 26 దగ్గర ఉంటుంది, అక్కడ కూడా తేడా నాలుగేనని ఎవరు చెప్పారు? అందుకే రెండో పరీక్ష కావాలి, దానికి జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ చాలు. అది మామూలుగా 32 నుంచి 42 వరకే చూస్తుంది, ట్యాంకులో పనికిరాదు, కానీ ఆ చిన్న మేరలో దాదాపు 0.1 వరకు నిజం చెప్తుంది. అల్మారాలోంచి తీస్తుంటే మా అమ్మ, "ఒరేయ్, చేపలకి జ్వరమేంట్రా?" అంది.

ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసి, ప్రోబ్ కొసా థర్మామీటర్ కొసా పక్కపక్కన రబ్బరు బ్యాండుతో కట్టి ముంచా. జ్వరం థర్మామీటర్ చూసిన గరిష్ఠాన్ని పట్టుకుని కూర్చుంటుంది, నీళ్లు చల్లారినా దిగదు. కాబట్టి బీప్ కొట్టిన క్షణంలోనే రెండూ చూడండి. నాకు అది 37.0, ప్రోబ్ 38.0.

చలిలో నాలుగు, వెచ్చదనంలో ఒకటి. తేడా ఇలా మారుతోందంటే ఒకే అంకె తీసేసి సర్దలేం. చవక కంట్రోలర్లతో వచ్చేవి సాధారణంగా థర్మిస్టర్ ప్రోబ్‌లు, వేడి పెరిగితే వాటి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం, తగ్గుతుంది. లోపలికి తేమ దిగితే కరెంటుకి పక్కదారి దొరికి రెసిస్టెన్స్ ఇంకా తగ్గుతుంది, కంట్రోలర్ దాన్ని వేడి అనుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి ఆ దొంగదారి ప్రభావం అప్పుడే ఎక్కువ.

[షాట్: ప్రోబ్ దగ్గరగా. స్టీలు గొట్టం, వైరు కలిసేచోట తుప్పు చార]

ఇదిగో తుప్పు. స్టీలు గొట్టం ఉన్న ప్రోబ్‌ని సముద్రపు నీళ్లలో ముంచి ఉంచడం నా తప్పే. తీసి పారేశా, పూర్తిగా ప్లాస్టిక్ పూత ఉన్నది తెచ్చా. పాతదాన్ని పడేసే ముందు రెండూ ట్యాంకులో పక్కపక్కన పెట్టి చూశా, తేడా ఒకటిన్నర డిగ్రీలు. ఒకవేళ ఆ నాలుగు తీసేసి ఉంటే ట్యాంకు రెండున్నర డిగ్రీలు ఎక్కువ వేడెక్కాక గానీ ఫ్యాన్ లేచేది కాదు.

మే నెలలో మన బంగాళాఖాతం పైనీళ్లే 29, 30 ఉంటాయి కదా, టెన్షన్ దేనికి అని అడుగుతారు. నా ట్యాంకు నూరు లీటర్లు. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, ఇది మధ్యాహ్నం కరెంటు పోతే సాయంత్రానికే ఎక్కేస్తుంది. లెక్క ప్రకారం ఒక లీటరు ఆవిరైతే నూరు లీటర్లు ఆరు డిగ్రీల దాకా చల్లబడాలి, కానీ మన ఉక్కలో నీళ్లు అంత తొందరగా ఆవిరి కావు. చంద్రపూర్ వైపు పొడి ఎండలో ఇదే ఫ్యాన్ బాగా పనిచేస్తుంది.

అద్దానికి అతికించే రంగుల స్ట్రిప్ సగం గది వేడిని చెప్తుంది. గన్‌లాంటి ఇన్‌ఫ్రారెడ్ మీటర్ నీటి పైపొరనే చూస్తుంది, ఆవిరి వల్ల అది కాస్త చల్లగా ఉంటుంది. పాదరసం థర్మామీటర్ మాత్రం ట్యాంకు దరిదాపులకి తేవద్దు, పగిలితే అంతే.

కొత్త ప్రోబ్‌ని రిటర్న్ పంపు (సంప్ నీళ్లని తిరిగి ట్యాంకులోకి పంపే మోటారు) నీళ్లు లాగేచోట, హీటర్‌కి దూరంగా, లైటు నేరుగా పడనిచోట కట్టా. ఇంకోటి చూడండి: మోటారు ఆన్ అయిన క్షణంలోనే అంకె గెంతితే అది వేడి కాదు, కరెంటు అల్లరి. నీళ్లు అంత వేగంగా వేడెక్కవు. ముందు ప్లగ్గులు పీకి, ఏ వైరు లీకవుతోందో చూసుకోండి, ఆ తర్వాతే చెయ్యి నీళ్లలో పెట్టండి.

[షాట్: కంట్రోలర్ మీద 25.1. ఫ్యాన్ ఆగి ఉంది]