మొదటి కాన్పులోనే రెండో బిడ్డ జాగ్రత్త

అందరికీ నమస్కారం.

"నాది నెగటివ్ గ్రూపట, ఏమైనా జబ్బా డాక్టర్ గారూ?" గర్భిణులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. జబ్బు కాదమ్మా. మీ ఎర్ర రక్తకణాల మీద డి అనే ప్రోటీను లేదు, అంతే. అది లేనందువల్ల మీకు ఏ లోటూ లేదు. చిక్కల్లా, తండ్రి నుంచి ఆ ప్రోటీను తెచ్చుకున్న బిడ్డ మీ కడుపులో పడినప్పుడే.

తల్లి రక్తం, బిడ్డ రక్తం మాయ దగ్గర పక్కపక్కనే పారుతాయి గాని మామూలుగా కలవవు. కాన్పప్పుడు మాత్రం బిడ్డ రక్తం కొంత తల్లిలోకి చేరుతుంది. ఆమె శరీరం దాన్ని పరాయిదిగా పోల్చుకుని, దానితో పోరాడే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అప్పటికే ఆ బిడ్డ ఉయ్యాలలో ఉంటుంది కనుక మొదటి కాన్పు సాధారణంగా సాఫీగా గడిచిపోతుంది. మనల్ని ఏమరుపాటులో పడేసేది ఇదే. మళ్లీ పాజిటివ్ బిడ్డ, అంటే ఆ డి ప్రోటీను ఉన్న బిడ్డ, కడుపున పడితే ఆ యాంటీబాడీలు మాయను దాటి వెళ్లి బిడ్డ రక్తకణాలను ధ్వంసం చేస్తాయి. రక్తహీనత, ఒళ్లంతా నీరు, పుట్టగానే ముదిరే కామెర్లు, ఒక్కోసారి గర్భంలోనే మరణం.

దీన్ని ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 1968లో వాడుకలోకి వచ్చింది. సాధారణంగా 28వ వారంలో ఒకటి, పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోగా మరొకటి ఇస్తారు. ఆ 72 గంటల లెక్క ఎక్కడిదో తెలుసా? అమెరికాలోని సింగ్‌సింగ్ జైలులో, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఖైదీల మీద ఈ మందును పరీక్షించారు. పరిశోధకులను మూడు రోజులకొకసారి మాత్రమే లోపలికి రానిచ్చేవారు. శరీరం పెట్టిన గడువు కాదది, జైలు పెట్టింది! కాబట్టి వీలైనంత త్వరగా వేయించుకోండి. ఆలస్యమైనా "ఇక ఎందుకులే" అని మానేయకండి. గర్భస్రావమైనా, కడుపు మీద దెబ్బ తగిలినా, ఉమ్మనీరు తీసి పరీక్షించినా బిడ్డ రక్తం తల్లిలోకి చేరవచ్చు, వెంటనే వైద్యులను అడగండి. గర్భస్రావం సంగతి చాలామంది చెప్పనే చెప్పరు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఒకటి గుర్తుంచుకోండి: యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఈ ఇంజెక్షన్ పనిచేయదు. అందుకే గర్భం తొలినాళ్లలోనే, తల్లి రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఇండైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేస్తాం. యాంటీబాడీలు ప్రమాదకర స్థాయిలో ఉంటే, రక్తం పారే వేగాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో బిడ్డ మెదడులోని రక్తనాళాన్ని గమనిస్తూ ఉంటాం. రక్తహీనత ఉంటే రక్తం పలచబడి వేగంగా పారుతుంది. అది ముదిరితే బొడ్డుతాడులోని నాళం ద్వారా, బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే రక్తం ఎక్కిస్తాం. గర్భస్థ శిశువుకు రక్తం ఎక్కించడం 1963లో న్యూజిలాండ్ వైద్యుడు లైలీ మొదలుపెట్టారు. ఆయన శిశువు పొట్టలోకి ఎక్కించారు.

ఇక ప్రశ్నలు అడగండి. బిడ్డ తండ్రిది కూడా నెగటివే అయితే ఏం చేయాలని ఎవరో చీటీ పంపారు. అప్పుడు బిడ్డా నెగటివే అవుతుంది, ఇంజెక్షన్ అవసరం ఉండదు.